తాగుడు, గంజాయి మానని మనిషికి కోర్టు ద్వారా చికిత్స: ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌ని. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది మొదట భూమి గొడవ గురించో, భరణం గురించో మొదలుపెడతారు. పావుగంట గడిచాక అసలు సంగతి బయటికొస్తుంది. "మా ఆయన తాగుడు మానట్లేదమ్మా, కోర్టు ద్వారా ఏమన్నా చేయొచ్చా?" మా ఇంట్లోనూ ఇదే గోడు. మా అన్నయ్య విషయంలో మాకు ఏ గుమ్మం తట్టాలో తెలియక ఆరేళ్లు పోగొట్టుకున్నాం. ఆ ఆరేళ్లలో నేను అడిగినవీ, ఇప్పుడు నన్ను అడుగుతున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. చట్టం మాట నాకు తెలిసిందే. మీ కేసు సంగతి మాత్రం డాక్టరు, వకీలు చూసి చెప్పాల్సిందే.

కోర్టులో పిటిషన్ వేస్తే మా ఆయన్ని బలవంతంగా ఆసుపత్రిలో చేర్పిస్తారా?

"ఇతను తాగుతున్నాడు, మాన్పించండి" అని నేరుగా వేసే పిటిషన్ మన దేశంలో లేదు. ఒకప్పుడు దానికి దగ్గరి దారి ఒకటి ఉండేది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో భార్యో, భర్తో, బంధువో మేజిస్ట్రేట్‌కి దరఖాస్తు పెట్టి, ఆసుపత్రిలో చేర్చుకోమనే ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. పాత తరం వకీళ్లు ఇప్పటికీ దాన్నే గుర్తుపెట్టుకుని చెబుతుంటారు. ఆ చట్టం రద్దయింది. దాని స్థానంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చి, 2018 నుంచి అమల్లో ఉంది.

కొత్త చట్టంలో చేర్చుకోవాలా వద్దా అన్న నిర్ణయం చాలావరకు జడ్జి చేతిలోంచి డాక్టర్ల చేతిలోకి వచ్చింది. మద్యం, మత్తుమందుల వాడకంతో వచ్చే మానసిక స్థితులను కూడా ఈ చట్టం మానసిక అనారోగ్యంలోనే లెక్కవేసింది. కాబట్టి మీరు ముందు వెళ్లాల్సింది కోర్టు మెట్ల దగ్గరికి కాదు, సైకియాట్రీ ఓపీకి. కోర్టుకు పని పడే సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవి కిందకు వస్తాయి.

కోర్టు లేకుండా, ఇష్టం లేని మనిషిని ఆసుపత్రి ఎలా చేర్చుకుంటుంది?

చట్టంలో 89వ సెక్షన్ ఉంది. దీన్ని సపోర్టెడ్ అడ్మిషన్ అంటారు. రోగి తరఫున నామినేటెడ్ ప్రతినిధి, అంటే అతని తరఫున మాట్లాడే మనిషి, ఆసుపత్రికి దరఖాస్తు ఇవ్వాలి. చేర్చే రోజునో, అంతకు ముందు ఏడు రోజుల్లోపో ఇద్దరు వేర్వేరుగా రోగిని పరీక్షించాలి. అందులో ఒకరు సైకియాట్రిస్టే అయి ఉండాలి. రెండోవారు మరో మానసిక వైద్య నిపుణులో, మామూలు డాక్టరో కావచ్చు.

వాళ్లు చూసేవి ఇవీ: ఈ మధ్య తనకు తాను హాని చేసుకుంటానని బెదిరించాడా, ప్రయత్నించాడా? ఇంకొకరి మీద చేయి చేసుకున్నాడా, ఎదుటివాళ్లు దెబ్బలకు భయపడే స్థితి తెచ్చాడా? తిండి, నిద్ర, ఒంటి సంగతి కూడా చూసుకోలేక ప్రమాదంలో ఉన్నాడా? వీటిలో ఏదో ఒకటి ఉండాలి. దాంతోపాటు, చికిత్స గురించి సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నాడని కూడా తేలాలి.

రోజూ తాగుతాడు, జీతం తగలేస్తాడు, అప్పులు చేశాడు అన్నవి మాత్రమే ఉంటే 89 కింద చేర్చుకోరు. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదురుగా కూర్చున్న మనిషి మొహం వాడిపోతుంది. నాకూ బాధగానే ఉంటుంది. కానీ ఇదే చట్టం లేకపోతే ఆస్తి గొడవ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరిని "పిచ్చి" అని ముద్రవేసి లోపల పడేసేవాళ్లు. అలాంటి కథలు మన ఊళ్లలో తక్కువేం లేవు.

ఈ అడ్మిషన్ గరిష్ఠంగా 30 రోజులు. చేర్చిన ఏడు రోజుల్లోపు, ఆడవాళ్లనో మైనర్లనో చేర్చినప్పుడు మూడు రోజుల్లోపు, ఆసుపత్రి ఆ సంగతి మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలపాలి. "నన్ను అన్యాయంగా ఉంచారు" అని రోగి బోర్డుకు చెప్పుకోవచ్చు. బోర్డు ఏడు రోజుల్లో తేల్చాలి.

నామినేటెడ్ ప్రతినిధి అంటే ఎవరు? నేను భార్యను, నాకు ఆ హక్కు ఉండదా?

ఆయన ముందుగా ఎవరినీ రాసి ఇవ్వకపోతే దగ్గరి బంధువుగా మీరు ఆ స్థానంలో నిలబడవచ్చు. అయితే ఆయన వేరొకరి పేరు రాసి ఉంటే వాళ్లకే మొదటి అవకాశం. రాయడం పెద్ద పని కాదు. మామూలు తెల్ల కాగితం మీద ఆయనే రాసి సంతకం పెడితే సరిపోతుంది. తాగని రోజున, మాట వినే పూట చూసి, "నీకు బాగా లేనప్పుడు నీ తరఫున నేను మాట్లాడతాను, రాసివ్వు" అని అడగండి. మా అన్నయ్య మొదట అమ్మ పేరు రాశాడు. తర్వాత తనంతట తానే మార్చి నా పేరు రాశాడు.

30 రోజులు సరిపోతాయా? ఇంకా ఎక్కువ ఉంచలేరా?

ఉంచవచ్చు. 90వ సెక్షన్ కింద ఇద్దరు సైకియాట్రిస్టులు వేర్వేరుగా పరీక్షించి అవసరమని చెప్పాలి, బోర్డు ఒప్పుకోవాలి. మొదటిసారి 90 రోజుల వరకు పెంచవచ్చు.

కానీ ఇంట్లోవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. 89 కింద చేరిన రోగికి సొంతంగా నిర్ణయం తీసుకునే శక్తి వచ్చిందా లేదా అని ఆసుపత్రి ఏడు రోజులకోసారి చూడాలి. తాగుడు మనిషికి ఆ శక్తి త్వరగానే తిరిగొస్తుంది. వణుకు తగ్గి, నిద్ర పట్టి, పది రోజులకల్లా శుభ్రంగా మాట్లాడతాడు. అప్పుడు "ఇంటికి పోతా" అంటే చట్టం అతని పక్షానే ఉంటుంది. అందుకని ఆ పది రోజులూ వృథా కాకుండా చూసుకోండి. ఆయన తేరుకున్నాక తనంతట తాను సంతకం పెట్టి ఉండేలా కౌన్సెలర్‌తో మాట్లాడించండి. మొదటి రోజున మీ కోపం అంతా వెళ్లగక్కితే పదకొండో రోజున మీ మాట ఆయన చెవికెక్కదు.

మరి మేజిస్ట్రేట్ ఎప్పుడు ఉత్తర్వు ఇస్తారు?

102వ సెక్షన్ కింద. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, ఉందని అనుమానం ఉన్నవాళ్లు మేజిస్ట్రేట్ ముందుకు వచ్చినా, తీసుకొచ్చినా, ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపమని ఆయన రాతపూర్వకంగా ఆదేశించవచ్చు. లేదా పరీక్ష కోసం పది రోజులకు మించకుండా చేర్చుకోమనవచ్చు. ఆ పది రోజులు పరీక్షకు ఇచ్చిన గడువు. డాక్టర్లు తేల్చినదాన్ని బట్టే తర్వాతి సంగతి.

మేజిస్ట్రేట్ ముందుకు చేరేది ఎలా? రోడ్ల మీద తిరుగుతూ, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లను పోలీసులు రక్షణలోకి తీసుకోవాలని 100వ సెక్షన్ చెబుతుంది. అలాంటివాళ్లను 24 గంటల్లోపు వైద్యశాలకు చేర్చాలి. ఇంట్లో ఉన్న రోగిని హింసిస్తున్నారని, పట్టించుకోకుండా వదిలేశారని తెలిస్తే 101వ సెక్షన్ ప్రకారం పోలీసులు మేజిస్ట్రేట్‌కి నివేదించాలి. తాగుడు మాన్పించడానికి కాలికి గొలుసు వేసి మంచానికి కట్టేసిన ఇళ్లు నేను చూశాను. ఆ తల్లిదండ్రులు దుర్మార్గులు కారు, దిక్కుతోచక చేశారు. అయినా 101 కింద ఆ ఫిర్యాదు వాళ్ల మీదికే వస్తుంది.

మా అబ్బాయి గంజాయితో దొరికాడు. జైలు బదులు చికిత్సకు పంపమని కోర్టును అడగవచ్చా?

అడగవచ్చు. మన దేశంలో కోర్టు నేరుగా చికిత్సకు పంపే స్పష్టమైన దారి ఇదే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల నిరోధక చట్టంలో, ఇందుకు రెండు సెక్షన్లు ఉన్నాయి. చాలా కుటుంబాలు బెయిల్ టెన్షన్‌లో పడి వీటి గురించి వకీలును అడగడమే మర్చిపోతాయి.

మొదటిది 64ఏ. వాడకం కేసులోనో, చిన్న మోతాదు దగ్గరున్న కేసులోనో ఇరుక్కున్న వ్యక్తి, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో తనంతట తాను చికిత్సకు చేరి, దాన్ని పూర్తి చేస్తే ఆ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు వెనక్కి పోవచ్చు. "గుర్తించిన" అన్న మాట జాగ్రత్తగా చూడండి. ఊరి చివర గేటు వేసుకుని నడిపే సెంటర్ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు.

రెండోది 39. నేరం రుజువయ్యాక, శిక్ష వేసే ముందు, కుర్రాడి వయసు, నడత, ఆరోగ్యం చూసి, అతని సమ్మతితో కోర్టు చికిత్సకు పంపవచ్చు. పూచీకత్తు రాయించుకుంటుంది. ఏడాదిలోపు చికిత్స ఫలితం మీద రిపోర్టు కోర్టుకు ఇవ్వాలి. రిపోర్టు బాగుంటే మందలించి, మూడేళ్లకు మించని బాండు మీద వదిలేయవచ్చు. సమ్మతి లేకుండా ఇక్కడ కూడా కుదరదు.

చిన్న మోతాదు అంటే గంజాయికి ఒక కిలో, చరస్‌కు 100 గ్రాములు, హెరాయిన్‌కు 5 గ్రాములు, కొకైన్‌కు 2 గ్రాములు. గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య మోతాదు, సంగతి పూర్తిగా మారిపోతుంది. "ఎవరో బ్యాగ్ ఇచ్చి బస్సెక్కమన్నారు" అని మన్యం దారుల్లో దొరికే పిల్లల విషయంలో ఎక్కువగా జరిగేది అదే. అమ్మిన కేసు, తరలించిన కేసు అయితే ఈ సెక్షన్ల మీద ఆశ పెట్టుకునే ముందు ఎఫ్‌ఐఆర్‌లో ఎంత బరువు రాశారో చూడండి.

మద్యానికి ఈ చట్టం వర్తించదు.

పిల్లవాడికి పదహారేళ్లు. వాడి సంతకం కావాలా?

పద్దెనిమిది లోపు వాళ్లకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ వర్తిస్తుంది. తల్లో తండ్రో దరఖాస్తు ఇస్తారు. ఇద్దరు సైకియాట్రిస్టులో, ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడో వేర్వేరుగా చూడాలి. పెద్దవాళ్ల వార్డులో ఉంచకూడదు, ఇంటివాళ్లు ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. ఈ రెండూ లేవంటే ఆ చోటు మంచిది కాదని గుర్తు. పిల్లవాడికి ఎవరో మత్తు అలవాటు చేశారని తెలిస్తే, బాలన్యాయ చట్టం 77వ సెక్షన్ కింద అలా ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల వరకు జైలు పడుతుంది. 1098కి ఫోన్ చేస్తే బాలల సంక్షేమ కమిటీ దాకా దారి చూపిస్తారు.

తాగొచ్చి కొడుతున్నాడు. చికిత్స సంగతి తర్వాత, ముందు నేను బతకాలి కదా?

అవును, ముందు మీరు. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ మీకు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. కొన్నాళ్లు ఆయన్నే ఇంట్లోంచి వెళ్లి ఉండమని చెప్పవచ్చు. ఇంటి ఖర్చులు ఇప్పించవచ్చు. అదే చట్టం 14వ సెక్షన్ కింద కౌన్సెలింగ్‌కు వెళ్లమని కూడా ఆదేశించవచ్చు. కొడుకు కొడితే తల్లి, అన్న కొడితే చెల్లెలు కూడా ఈ కేసు వేయవచ్చు. ఉత్తర్వును ధిక్కరిస్తే ఏడాది వరకు జైలు.

కౌన్సెలింగ్ అంటే వైద్యం కాదు. కానీ ఇంట్లో ఎవరి మాటా వినని మనిషి, జడ్జిగారు చెప్పారన్న ఒక్క కారణంతో మొదటిసారి కౌన్సెలర్ ముందు కూర్చోవడం నేను కళ్లారా చూశాను. అక్కడి నుంచి ఆసుపత్రికి వచ్చినవాళ్లూ ఉన్నారు, రానివాళ్లూ ఉన్నారు.

కోర్టు ఫీజు, వకీలు ఫీజు గురించి ఆగిపోవద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181.

ప్రైవేట్ సెంటర్ వాళ్లు వ్యాన్ పంపి తీసుకెళ్తామంటున్నారు. పంపమంటారా?

వద్దు.

మేం పంపాం. తెల్లవారుజామున నాలుగింటికి నలుగురు మనుషులు వచ్చారు. నిద్రలో ఉన్న అన్నయ్యను లుంగీ మీదే ఎత్తుకుపోయారు. డాక్టరెవరూ చూడలేదు, మాతో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారంతే. నలభై ఐదు రోజులు ఫోన్ ఇవ్వలేదు, చూడనివ్వలేదు. తిరిగొచ్చాక అన్నయ్య ఆరోజు సాయంత్రమే తాగాడు. అది పెద్ద బాధ కాదు. ఆ తర్వాత రెండేళ్లపాటు రాత్రిళ్లు తన గది తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టుకునే పడుకున్నాడు, మా మీద భయంతో. అది బాధ.

అది అక్రమ నిర్బంధమని అప్పట్లో మాకు తెలియదు. మానసిక వైద్యం అందించే ప్రతి సంస్థకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల రూపాయల వరకు జరిమానా. గొలుసులతో కట్టేయడం, ఒంటరి గదిలో పెట్టడం నిషేధం. ఫోన్ మాట్లాడుకునే హక్కు రోగికి ఉంది. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. సైకియాట్రిస్ట్ పేరేమిటి, వారంలో ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఏం చేస్తారు అని అడగండి. "అవన్నీ మీకెందుకమ్మా, మనిషిని మార్చి పంపుతాం" అంటే లేచి వచ్చేయండి.

తెలియకుండా మందు మానే మాత్రలు కూరలో కలిపి పెట్టొచ్చా?

దయచేసి పెట్టొద్దు. ఇలా అమ్మేవాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె మీదికి వచ్చి ప్రాణం పోవచ్చు. ఆ మందు చెడ్డది కాదు. రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి, డాక్టరే రాస్తారు. తెలియని మనిషి మామూలుగానే తాగుతాడు కదా, ప్రమాదం అక్కడే. పసరు మందుల్లో ఏం కలుపుతారో అమ్మేవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

మాల వేయిస్తే మానేస్తాడని పెద్దవాళ్లు అంటున్నారు.

నలభై ఒక్క రోజులు చుక్క ముట్టని వాళ్లను నేనెరుగుదును. మానగలనన్న నమ్మకం దీక్షలోనే మొదటిసారి కలిగినవాళ్లూ ఉన్నారు. ఆ నమ్మకాన్ని తక్కువ చేయను. కానీ ఏళ్ల తరబడి పొద్దున్నే తాగే అలవాటున్న మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకు, నాలుగో రోజుకు మధ్య వణుకు, చెమటలు, లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం మొదలైతే అది ఎమర్జెన్సీ. ఊళ్లో దాన్ని "స్వామి పూనాడు" అనో, "గాలి సోకింది" అనో అనుకుని ఆలస్యం చేస్తారు. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లు అలవాటున్నవాళ్లకు కూడా ఇదే ప్రమాదం. అందులో కలిపే ఆల్‌ప్రాజోలం లాంటి మత్తు ఒక్కసారి ఆగితే ఫిట్స్ వస్తాయి. మాల వేసుకోవాలంటే వారం పది రోజుల ముందు డాక్టర్‌కు చూపించి, మందులతో దించుకుని, అప్పుడు వేసుకోండి.

బలవంతంగా చేర్పిస్తే నిజంగా మానేస్తాడా?

బలవంతం వల్ల ప్రాణం నిలబడుతుంది, ఒంట్లోని విషం దిగుతుంది, నాలుగు రోజులు మెదడు తేటపడుతుంది. మానడం తర్వాత జరిగే పని. మందులు, కౌన్సెలింగ్, ఏఏ (ఆల్కహాలిక్స్ ఎనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే సంఘం) మీటింగులు, మళ్లీ తాగితే మళ్లీ రావడం, ఇదంతా ఏడాదో రెండేళ్లో సాగుతుంది. హెరాయిన్ లాంటివి వాడినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. నెలరోజులు ఆపి బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఒళ్లు తట్టుకోలేక చనిపోవచ్చు. డిశ్చార్జ్ రోజున ఇంటికి తీసుకురావడం కన్నా, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ తీసుకురావడం ముఖ్యం.

2019లో ఎయిమ్స్ వాళ్ల దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒక్కరు. బలవంతం గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, ఒక్కసారి కూడా ఎవరూ డాక్టర్ దగ్గరికి పిలవని మనుషులే ఎక్కువ. మా అన్నయ్య చివరికి వచ్చింది వ్యాన్‌లో కాదు. "కడుపునొప్పికి చూపించుకుందాం రా" అంటే వచ్చాడు. లివర్ రిపోర్టు చేతిలో పెట్టి ఆ డాక్టరమ్మ అరగంట మాట్లాడారు. తర్వాత ఆయనే అడిగాడు, ఎన్ని రోజులుండాలని.

ఖర్చెంత అవుతుంది?

హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల, ప్రభుత్వ బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే డీ-అడిక్షన్ కేంద్రాల వివరాలు 14446లో చెబుతారు. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితం చదవండి. మానసిక అనారోగ్యాన్ని శారీరక జబ్బుతో సమానంగా చూడాలని చట్టం చెప్పినా, మద్యం, డ్రగ్స్‌ను పక్కన పెట్టే షరతులు కొన్ని పాలసీల్లో కనిపిస్తాయి.

మా తమ్ముడు అమెరికాలో ఉన్నాడు. అక్కడ కుటుంబం కోర్టుకు వెళ్లవచ్చంటున్నారు, నిజమేనా?

కొన్ని రాష్ట్రాల్లో నిజమే. ఫ్లోరిడాలో 1993 నాటి మార్చ్‌మన్ చట్టం కింద, కెంటకీలో 2004 నుంచి ఉన్న కేసీస్ లా కింద కుటుంబమే కోర్టులో పిటిషన్ వేయవచ్చు. మసాచుసెట్స్‌లో సెక్షన్ 35 కింద 90 రోజుల వరకు పంపవచ్చు. కెంటకీలో పిటిషన్ వేసినవాళ్లే చికిత్స ఖర్చుకు హామీ ఇవ్వాలి. ఇక్కడి నుంచి మీరు ఫోన్‌లో నడిపే పని కాదు, అక్కడే ఉన్న భార్యో, అన్నదమ్ములో ముందుకు రావాలి. వీసా మీద ఉన్నవాళ్లయితే, డ్రగ్స్ సంగతి కోర్టు కాగితాల్లోకి ఎక్కే ముందు ఇమ్మిగ్రేషన్ వకీలుతో ఒక్కసారి మాట్లాడండి.

దరఖాస్తులో ఏం రాయాలి?

జరిగింది జరిగినట్టు, తేదీలతో. "చాలా ఘోరంగా ప్రవర్తిస్తున్నాడు" అని రాస్తే డాక్టర్‌కు ఏమీ తెలియదు. "ఫలానా తేదీ రాత్రి కిరోసిన్ డబ్బా పట్టుకుని చచ్చిపోతానన్నాడు, పక్కింటి వాళ్లు లాక్కున్నారు" అని రాస్తే తెలుస్తుంది. త్వరగా చేర్చుకుంటారని లేనివి కలపొద్దు. ఆయన తేరుకున్నాక ఆ కాగితం చూసే హక్కు ఆయనకు ఉంటుంది.

ఇవాళ రాత్రే పరిస్థితి చేయి దాటితే?

ఫిట్స్, స్పృహ తప్పడం, వణుకుతో పిచ్చిమాటలు వస్తే 108కి, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే 112కి చేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 94వ సెక్షన్ ప్రకారం, ప్రాణాపాయం ఉన్నప్పుడు నామినేటెడ్ ప్రతినిధి సమ్మతితో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చు. సైకియాట్రిస్టే కానక్కరలేదు, మీ దగ్గరి ఏరియా ఆసుపత్రి చాలు. అంత తీవ్రంగా లేకపోయినా ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆధార్, వాడుతున్న షుగర్, బీపీ మాత్రలు వెంట తీసుకెళ్లండి. చివరిసారి ఏం తాగాడు, ఎంత తాగాడు, ఎన్ని గంటలకు తాగాడు అన్నది ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. క్యాజువాలిటీలో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.